ఎస్‌తో మొదలయ్యే ఊరు

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో గోవిందరావు ఎరువుల షాపుకు వెళ్లినవాళ్లకు ఆ రోజుల్లో ఒక వింత హెచ్చరిక వినిపించేది. "కాస్త నెమ్మదిగా మాట్లాడండ్రా బాబూ, మా ఆవిడ యూనివర్సిటీలో ఉన్నాది" అనేవాడు గోవిందరావు. ఆవిడ పట్నంలో ఉంటే ఇక్కడ మనం నెమ్మదిగా మాట్లాడటం దేనికని కొత్తవాళ్లు తికమకపడేవాళ్లు. పాతవాళ్లు తలుపు సందులోంచి వెనక గదిలోకి చూసి నవ్వుకునేవాళ్లు. అక్కడ యూరియా బస్తాలకూ పురుగుమందు అట్టపెట్టెలకూ మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు మడుచుకుని, కంప్యూటరు ముందు కన్యాకుమారి కూర్చుని ఉండేది. యూనివర్సిటీ అంటే ఆ గదే.

కన్యాకుమారి జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరు. పెళ్లయి పద్నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. ఇంకా కన్యాకుమారేమిటండీ అని స్టాఫ్ రూములో ఎవరైనా వేళాకోళమాడితే, "పేరు పెట్టిన రోజున నన్ను సంప్రదించలేదండీ" అని జవాబిచ్చేది. గోవిందరావు ఆమెకు మేనత్త కొడుకే, అందుకని బావా అని పిలిచేది. అత్త తవిటమ్మ సొంత మేనత్తే. ఆవిడ నోటికి మాత్రం వరసా వావీ ఏమీ లేవు, ఎవరినైనా ఒకే తక్కెడలో తూచేసేది.

2011లో కన్యాకుమారిని పీహెచ్‌డీ పురుగు తొలిచింది. ఉద్యోగం చేసుకుంటూనే చదవొచ్చని తెలిసి పట్నంలో యూనివర్సిటీ తెలుగు శాఖలో చేరింది. కళింగపట్నం తీరాన చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల మాటలూ బతుకులూ ఆమె ఎంచుకున్న విషయం. మూడు వేసవులు అక్కడికి తిరిగి, ఇసుకలో గొంతుక్కూర్చుని వాళ్ల మాటలన్నీ ఫోన్లో రికార్డు చేసింది. అందరిలోకీ బుల్లమ్మ అనే ఆవిడ బాగా దగ్గరైంది. అరవై దాటిన మనిషి. ఎండిన నెత్తళ్ల చేపల గంప నెత్తికెత్తుకుని బస్సులెక్కి ఊళ్లు తిరిగి అమ్ముకొచ్చేది. కన్యాకుమారి ఆవిడను పిన్నీ అని పిలిచేది.

చిక్కల్లా యూనివర్సిటీతోనే వచ్చింది. పరిశోధనకు కావలసిన పాత పత్రికలూ, వ్యాసాలూ, నిఘంటువులూ యూనివర్సిటీ లోపలి కంప్యూటర్లకే తెరుచుకునేవి. ఊళ్లోంచి నొక్కితే, మీరెవరో మాకు తెలియదు పొమ్మనేవి. అందుకని మొదటి మూడేళ్లు నెలకు రెండు శనివారాలు రైలెక్కి పోవడం, లైబ్రరీ మూసేదాకా కళ్లు పోయేలా చదవడం, నిలబడి రావడం. చివరికి ఒక లైబ్రరీ ఉద్యోగి జాలిపడి, "ఇంట్లోంచే తెరుచుకోవచ్చమ్మా. యూనివర్సిటీ ఇచ్చిన మెయిలు పేరూ పాస్‌వర్డూ కొట్టండి, మీరు లోపల కూర్చున్నట్టే లెక్క" అని రహస్యం చెప్పాడు. నిజానికి అది రహస్యమేం కాదు, నోటీసు బోర్డులో మూడేళ్లుగా వేలాడుతూనే ఉంది. తెలుగు శాఖలో నోటీసు బోర్డు చదివే అలవాటు ఎవరికీ లేదు.

అప్పటినుంచీ గోవిందరావు స్టాకు వివరాల కోసం కొన్న కంప్యూటరు యూనివర్సిటీ అయిపోయింది. లైబ్రరీ అందులోనే, మెయిలు అందులోనే. యూనివర్సిటీ వాళ్లు ఇచ్చిన ఆన్‌లైన్ అరలో ఆమె రాసిన అధ్యాయాలూ, కళింగపట్నం రికార్డింగులూ భద్రంగా ఉండేవి. "ఇంట్లో కూకునే పట్నం ఎల్లొచ్చేస్తాది మా కోడలు, టిక్కట్టు కూడా లేదు" అని తవిటమ్మ వీధిలో గొప్పలు పోయేది.

ఆ గొప్పలకే దిష్టి తగిలినట్టుంది. 2017 ఫిబ్రవరిలో యూరియా ధూళి పట్టిపట్టి కంప్యూటరు ఒకరోజు పొద్దున్న గుడ్లు తేలేసింది. రాజాం నుంచి మెకానిక్కు వచ్చి దులిపి, తుడిచి, లోపలున్నదంతా చెరిపేసి, కొత్తదానిలా చేసి ఇచ్చాడు. కొత్తదానికి పాత సంగతులేం గుర్తుంటాయి? రెండేళ్లుగా కన్యాకుమారి తన పాస్‌వర్డు తాను కొట్టిన పాపాన పోలేదు. కంప్యూటరే గుర్తుపెట్టుకుని కొట్టేసేది. ఇప్పుడు దానికి మరుపొచ్చింది, ఈమెకు అంతకుముందే వచ్చేసింది. పదో తరగతి పిల్లల పరీక్షల హడావుడిలో పడి నెల్లాళ్లపాటు ఆ సంగతే ఆమెకు తెలియలేదు.

మార్చి ఆఖర్లో ఒక గురువారం ఆమె గైడు ప్రొఫెసర్ నరసింగరావు ఫోన్ చేశాడు. "నీ సిద్ధాంత గ్రంథం మొత్తం చదివానమ్మా. నా మాటలు ఆ ఫైల్లోనే పక్కన రాశాను. ఆమోదపత్రం మెయిల్లో పంపాను. నాలుగో అధ్యాయం మాత్రం నేను చెప్పినట్టు సరిచేసి, అప్పుడే సమర్పించు. రేపు నాకు కంటి ఆపరేషను. వారం రోజులు కంప్యూటరు వైపు చూడొద్దన్నారు. శనివారం సాయంత్రం ఐదుతో నీ గడువు అయిపోతుంది, గుర్తుంది కదా?"

గుర్తులేకపోవడమేమిటి, ఆ తేదీ ఆమె కలల్లోకి కూడా వస్తోంది. ఆరేళ్ల గడువు. పొడిగింపు కూడా ఒకసారి వాడేసుకుంది. శనివారం ఐదు లోపు ఆన్‌లైన్లో సమర్పించకపోతే పేరు కొట్టేస్తారు. మూడు వేసవుల ఎండా, మూడేళ్ల రైలు ప్రయాణాలూ, బుల్లమ్మ మాటలూ అన్నీ ఆ అరలోనే మిగిలిపోతాయి.

ఆ సాయంత్రం స్కూలు నుంచి తిన్నగా వెనక గదికి వచ్చి యూనివర్సిటీ తలుపు తట్టింది. పాస్‌వర్డు ఏదన్నది అది. తెలియదంది ఈమె. అయితే చేరిన రోజున మీరిచ్చిన జవాబు చెప్పండంటూ ఒక ప్రశ్న వేసింది. మీ ఊరు ఏది? కన్యాకుమారి హమ్మయ్య అనుకుంది. సొంత ఊరి పేరు చెప్పలేని టీచరు ఉంటుందా?

సీ హెచ్ అని మొదలుపెట్టి చీపురుపల్లి అని కొట్టింది. తప్పన్నది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఊరికి ఇంగ్లీషులో ఒక స్పెల్లింగు కాదు. స్టేషన్ బోర్డు మీద ఒకలా, బస్సు నుదుటి మీద ఇంకోలా, స్కూలు ముద్రలో మరోలా ఉంటుంది. మూడూ ప్రభుత్వం వారివే, ఏ ఒక్కటీ ఇంకోదాన్ని ఒప్పుకోదు. మిగతా రెండూ కూడా కొట్టింది. మూడుసార్లు తప్పు చెప్పారు, రేపు రండి అని తలుపు మూసేసింది కంప్యూటరు.

శుక్రవారం తను పుట్టిన పల్లె పాలవలస పేరు మూడు రకాలుగా కొట్టింది. మళ్లీ మూసేసింది. యూనివర్సిటీ కంప్యూటర్ సెంటరుకు ఫోన్ చేస్తే మోగిందే తప్ప ఎవరూ ఎత్తలేదు. గైడుకు చేస్తే ఆయన భార్య ఎత్తి, "ఆయన కంటికి కట్టు కట్టారమ్మా. ఫోను వారం దాకా నా కొంగునే ఉంటుంది" అంది. పోనీ, రైలెక్కి పోదామంటే శనివారం పదో తరగతి పరీక్ష డ్యూటీ. పన్నెండున్నరకు పేపర్లు కట్టి సీలు వేశాక బయల్దేరినా ఐదు లోపు అక్కడ వాలడం కల్ల.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె షాపులోకి వచ్చేసరికి మొహం చూసి గోవిందరావు కుర్చీ ఖాళీ చేశాడు.

"ఏటైనాది? ఏటి సేద్దారి?" అన్నాడు.

"ఇంక మూడు సార్లే ఉన్నాయి బావా. ఇవీ తప్పితే నా చదువు అయిపోయినట్టే."

ఆమె ఈ మాట నిమ్మళంగా, పుస్తకంలో అచ్చేసినట్టు పలికింది. అది గత ఆరేళ్లుగా ఆమెకు పట్టిన అలవాటు. యూనివర్సిటీలో చేరాక ఆమె మాట మారిపోయింది. ఇంట్లో కూడా ఒక్క చ జారకుండా పలికేది. జాగ్రత్త మరీ ఎక్కువై ఒకసారి క్లాసులో సంచిని చంచి అన్నది. పిల్లలు అదే సరైన మాట కాబోలనుకుని నోట్సులో రాసేసుకున్నారు. ఒళ్లుమండినప్పుడు మాత్రం పాత మాట దానంతటదే తన్నుకొచ్చేది. "కోడలు తిడితేనే నాకు బోదపడతాది, మంచిగా మాట్లాడితే ఒక్క ముక్క తెలీదు" అనేది తవిటమ్మ.

కంప్యూటర్ సెంటరు నంబరు మళ్లీ నొక్కింది. ఈసారి దేవుడు దయతలిచాడు. అనూరాధ అనే అమ్మాయి ఎత్తింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన గొంతు, గుంటూరు వైపు యాస. అంతా విని, "నాకు కూడా జవాబు కనపడదు మేడమ్. చుక్కలే కనపడతాయి. మొదటి అక్షరం, మొత్తం ఎన్ని అక్షరాలనేది మాత్రం తెలుస్తుంది. అది చెప్పొచ్చో లేదో మా సార్‌ని అడగాలి" అంది.

"అడుగు తల్లీ, నేను ఫోన్ పెట్టను."

రెండు నిమిషాలు ఎవరివో బూట్ల చప్పుళ్లు వినిపించాయి. తరవాత అనూరాధ మళ్లీ వచ్చింది. "చెప్పమన్నారు మేడమ్. ఎస్‌తో మొదలవుతుంది. పన్నెండు అక్షరాలు."

"ఎస్ ఏమిటమ్మా? మా ఊరు సీతో కదా మొదలవుతుంది."

"మీరు ఎస్ అనే ఇచ్చారు మేడమ్."

ఇక గోవిందరావు రంగంలోకి దిగాడు. ఎస్‌తో మొదలయ్యే ఊళ్లన్నీ ఏకరువు పెట్టి, వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టాడు. సాలూరుకు చాలలేదు. సోంపేటకు చాలలేదు. సీతంపేట ఒక్క అక్షరంలో తప్పిపోయింది. పురుగుమందుకు వచ్చిన గంగులు అనే రైతు మందు సంగతి మర్చిపోయి, "సంతకవిటి సూడండి బాబూ" అన్నాడు. లెక్కపెడితే సరిగ్గా పన్నెండు.

"అదేనే! మీ అమ్మమ్మోల ఊరు! సిన్నప్పుడు అక్కడే కదా పెరిగినావు?" అని గోవిందరావు బల్ల మీద చరిచాడు. కన్యాకుమారికి నమ్మకం లేదు, అయినా ఆశ పుట్టింది. కొట్టింది. తప్పన్నది.

"శ్రీకాకుళం. ఎస్ హెచ్ పెట్టి, ఆర్ తరవాత ఈ రెండుసార్లు కొడితే పన్నెండొస్తాది" అన్నాడు గోవిందరావు, ఓటమి ఒప్పుకోని మనిషి.

"అలా ఎవరు రాస్తారు బావా?"

"నువ్వు రాసుంటావు. టీచర్లు సాగదీస్తారు కదేటి."

అదీ తప్పన్నది. ఇక ఒక్కటే మిగిలింది. గంగులు మెల్లిగా మందు తీసుకుని జారుకున్నాడు. కన్యాకుమారి చేతులు కీబోర్డు మీదనుంచి తీసేసి ఒళ్లో పెట్టుకుంది. ఆమెకు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని ఏడుపు.

అప్పుడే తవిటమ్మ అన్నం క్యారేజీతో వచ్చింది. కోడలి మొహం చూసింది, బల్ల మీద మాట్లాడుతున్న ఫోను చూసింది. అందులోంచి "మేడమ్, లైన్లో ఉన్నారా?" అన్న గొంతు విని, చటుక్కున ఫోను లాక్కుంది.

"ఎవులమ్మా నువ్వు? మా కోడల్ని ఏటన్నావు?"

"నేనేమనలేదండీ. మీరెవరు? ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నారు?"

"ఎక్కణ్నుండేటి, సీపురుపల్లి నుండి! నాను దీని అత్తని. ఆరేళ్లబట్టి పిల్లల్ని నానే సాకతన్నాను, ఇది సదువుకోవాలని. ఇప్పుడు తలుపు తియ్యనంటే ఊరుకుంటామేటి? సీపురుపల్లోళ్లు అంత ఏబ్రాసోళ్లు కాదు, తెలిసిందా?"

అనూరాధ భయపడిందనుకున్నాడు గోవిందరావు. కానీ ఆమె మెల్లిగా అడిగింది. "అమ్మా, మీ ఊరి పేరు ఇంకోసారి చెప్తారా?"

"సీ-పు-రు-ప-ల్లి. సెవులు లేవేటి?"

"మేడమ్‌కి ఫోన్ ఇవ్వండి. మేడమ్, ఆవిడ చెప్పిన ఊరు ఎస్‌తోనే మొదలైంది కదా?"

ఈ ఇంట్లోవాళ్లెవరికీ అది ఎస్‌గా వినపడదు. గుంటూరు పిల్లకు వినపడింది. కన్యాకుమారి గబగబా వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఎస్, ఈ, ఈ, పీ. చివరి అక్షరం దాకా వచ్చేసరికి పన్నెండు.

ఆ రోజు మొత్తం కళ్లకు కట్టింది. 2011, చేరిన రోజు. కంప్యూటరు దగ్గర ఎక్కణ్నుంచో వచ్చిన ఉద్యోగి, తల ఎత్తకుండా, మీ ఊరు అన్నాడు. "సీపురుపల్లండి" అంది తను, పుట్టిన దగ్గర్నుంచీ అన్నట్టే. విన్నది విన్నట్టు కొట్టేశాడతను. ఆ తరవాత వారానికే మొదటి సెమినారు. లేచి నిలబడి, "సేపలెండబెట్టే ఆడోళ్ల గురించి సెప్తాను" అంటే వెనక వరసలో కిసుక్కుమన్నారు. ఎవరో మెల్లిగా, సేపలు, అని మళ్లీ అన్నారు. ఆ రోజు తిరుగు రైల్లో చీపురుపల్లి వచ్చేదాకా చ, చ, చ అని తనలో తాను పలుకుతూ కూర్చుంది. ఆరేళ్లుగా అదే పలుకుతోంది. ఆ నవ్వుకు ముందున్న తనను ఈ ఇంట్లో అందరూ మర్చిపోయారు, తనతో సహా. ఆ యూనివర్సిటీ కంప్యూటరు ఒక్కటే పట్టుకుని కూర్చుంది. సిగ్గేసింది ఆమెకు. ఊరి పేరు మార్చుకున్నందుకు కాదు, మార్చుకున్న సంగతే తెలియనంతగా మార్చుకున్నందుకు.

ఎస్ పెట్టి కొట్టింది. తలుపు తెరుచుకుంది.

గోవిందరావు కేక వేశాడు. తవిటమ్మ మాత్రం, "సూసినావా, నాలుగు మాటలంటేగానీ ఎవులూ దారికి రారు" అని క్యారేజీ విప్పడం మొదలెట్టింది. అనూరాధ ఫోను పెట్టేముందు, "కొత్త పాస్‌వర్డు ఎక్కడైనా రాసుకోండి మేడమ్" అంది. అప్పటికి రెండు దాటి పదినిమిషాలు.

ఆమోదపత్రం మెయిల్లో ఉంది. కన్యాకుమారి దాన్ని కళ్లకద్దుకున్నంత పని చేసి, ఫైలు తెరిచింది. మొదటి మూడు అధ్యాయాల్లో గైడు మెచ్చుకోళ్లే. నాలుగోదానికి వచ్చేసరికి పక్కన ఎర్రటి అక్షరాలు.

"ఈ బుల్లమ్మ గురించి నువ్వు నాతో చెప్పేటప్పుడు పడీపడీ నవ్వేదానివి. నేనూ నవ్వేవాణ్ని. ఈ కాగితం మీద ఆవిడ కలెక్టరుకు అర్జీ పెట్టుకుంటున్నట్టుంది. నవ్వు ఏమైంది? ఆవిడ అన్నది అన్నట్టు పెట్టు. నువ్వు దిద్దకు. ఇది సరిచేయకుండా సమర్పిస్తే నా ఆమోదం చెల్లదు."

బుల్లమ్మ మాటలు పదకొండు చోట్ల ఉన్నాయి. పదకొండూ తను కూర్చుని చక్కగా దిద్ది, శుభ్రమైన తెలుగులో పెట్టినవే. ఆవిడ పరువు కాపాడుతున్నాననుకుంది. ఇప్పుడు ఐదయ్యేలోపు మళ్లీ రికార్డింగులు విని రాయాలి. వాటినిండా సముద్రం హోరు.

"అత్తా, నువ్వు కూర్చో. నాకు సగం మాటలు వినపడవు. నువ్వు విని చెప్పు" అంది.

"అన్నం?"

"తరవాత."

మొదటి రికార్డింగు పెట్టారు. ముందుగా కన్యాకుమారి గొంతే వినిపించింది. "మీరు చేపలను ఏ విధంగా ఎండబెడతారు?"

వెంటనే బుల్లమ్మ. "ఏ విదంగా ఏటే, ఎండలో."

తవిటమ్మ పగలబడి నవ్వింది. "ఎవులే ఈవిడ? బలేదిలాగున్నాదే!" అని కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆ తరవాత ఆవిడను ఆపడం ఎవరివల్లా కాలేదు. బుల్లమ్మ ఒక మాట అనడం, తవిటమ్మ దాన్ని గట్టిగా మళ్లీ అనడం, కన్యాకుమారి కొట్టడం. 'మేఘావృతమైనచో నష్టము వాటిల్లును' అని ఉన్నచోట, "మబ్బేసినాదంటే మా కంచంలో ఏసినట్టే" వచ్చి కూర్చుంది. 'చేపలను తరచు తిరగవేయవలెను' అన్నచోట, "తిరగేసినప్పుడల్లా నెత్తళ్లని పలకరిస్తాను నాను. ఓలె, బేగి ఎండండే, సంతకెల్లాల అంటాను. ఇంటాయి పాపం" అని వచ్చింది. కొట్టేకొద్దీ కన్యాకుమారికి బుల్లమ్మ పళ్లు లేని నవ్వు కనిపిస్తోంది. దీన్ని ఇన్నాళ్లూ దాచిపెట్టి తను చేసిందేమిటి? ఆమెకు తన మీద తనకే ఒళ్లుమండింది.

షాపు ముందు గోవిందరావు కాపలా కాశాడు. ఆ మధ్యాహ్నం యూరియాకు వచ్చినవాళ్లందరికీ, "సోమారం రండి, యూనివర్సిటీలో పరీక్ష నడస్తన్నాది" అని చెప్పి పంపేశాడు.

నాలుగున్నరకు పది అయ్యాయి. పదకొండోది బస్సు మాట. 'చేపల దుర్వాసన కారణంగా బస్సులో ప్రయాణికులెవరూ మా పక్కన కూర్చోరు. ఇది మాకు మిక్కిలి బాధ కలిగించును' అని ఉంది ఫైల్లో. రికార్డింగులో బుల్లమ్మ, "గంపతోటి బస్సెక్కితే మా పక్కన ఒక్కడూ కూకోడు" అంది. ఆ తరవాత గాలి. హోరుమని గాలి తప్ప ఏమీ లేదు. మూడుసార్లు విన్నారు. తవిటమ్మ చెవి ఆనించి విన్నా లాభం లేకపోయింది.

"మరి బాదని ఎక్కడన్నాది?" అని అడిగింది తవిటమ్మ.

కన్యాకుమారి ఫైల్లోని వాక్యం మళ్లీ చదువుకుంది. బుల్లమ్మ ఎక్కడా అనలేదు. గాలి మింగేసిన చోట బాధ తనే తెచ్చి పెట్టింది. ఎవరూ పక్కన కూర్చోకపోతే బాధ కాక మరేముంటుందని అనుకుంది.

నాలుగూ ముప్పైఐదుకు కళింగపట్నం ఫోన్ చేసింది. అవతల బుల్లమ్మ ఎత్తగానే, ఆ తొందరలో కన్యాకుమారి నోటికి ఏ కాపలా లేకుండా పోయింది.

"పిన్నీ, బేగి సెప్పు. గంపతోటి బస్సెక్కితే నీ పక్కన ఎవులూ కూకోరన్నావు కదా. ఆ తరవాత ఏటన్నావు? గాలికి ఇనబళ్లేదు."

"ఎప్పుడన్నానే?"

"మూడేళ్ల కిందట."

"మూడేళ్ల కిందటి మాటకి ఇప్పుడొచ్చినాదేటి తొందర?" అంది బుల్లమ్మ. తరవాత ఆవిడే అంది, "ఏటున్నాది సెప్పడానికి. కూకోరు. ముగ్గురు కూకునే సీటు నాకొక్కర్తికే. కాళ్లు సాపుకుని, మారాణీలాగ శ్రీకాకుళం దాకా ఎల్తాను. టిక్కట్టు మాత్రం ఒకటే." అని తన మాటకు తనే నవ్వింది. ఆ నవ్వు స్పీకర్లోంచి గదంతా పరుచుకుంది, తవిటమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

కన్యాకుమారి 'మిక్కిలి బాధ' అన్న వాక్యాన్ని చెరిపేసింది. అక్కడ మారాణిని కూర్చోబెట్టింది. ఒక్కసారి పైనుంచి కిందికి చూసుకుని సమర్పించు అన్న మీట నొక్కింది. చక్రం తిరిగింది, తిరిగింది. గోవిందరావు షాపు వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నాలుగూ నలభై ఎనిమిదికి, మీ సిద్ధాంత గ్రంథం అందినది, అని వచ్చింది.

గోవిందరావు వచ్చి ఆమె తల మీద చెయ్యి వేసి, "అయిపోనాది గదే" అన్నాడు. తవిటమ్మ చల్లారిపోయిన అన్నం కంచంలో పెట్టింది. అప్పుడు ఫోన్లోంచి బుల్లమ్మ గొంతు వినిపించింది. ఆవిడ ఇంకా పెట్టలేదు.

"ఓలమ్మీ, ఉన్నావేటే? నా బస్సు మాట అందులో ఎట్టేసినావేటి?"

"ఎట్టేసినాను పిన్నీ. నువ్వన్నట్టే, అలగే ఎట్టినాను."

బుల్లమ్మ గొంతు తగ్గించి అడిగింది. "పెద్ద పెద్ద సదువుకున్నోళ్లు సదువుతారన్నావు. ఆళ్లు నవ్వరేటే?"

కన్యాకుమారి మంచినీళ్ల గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగింది.

"నవ్వాల పిన్నీ. నవ్వుతారనే కదా నువ్వు సెప్పినావు."

బుల్లమ్మ ఆలోచించింది.

"మరే" అంది. "నవ్వకపోతే తప్పు ఆళ్లదే." ఫోను పెట్టేసింది.